పోయింది క్రాసు, చెడింది కోణం

గేర్‌బాక్సు వైపు నుంచి తిప్పుడును చక్రాల ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో, దాని చివర మడత దగ్గర ఉండే నాలుగు కొమ్ముల జాయింటు, అదే క్రాసు, పోయిందని బండిని ఏ షెడ్డుకు తీసుకెళ్లినా మొదట వినబడే తీర్పు ఒకటే: "సామాను డూప్లికేటు అన్నా." రెండోసారి పోతే "ఈసారి ఒరిజినల్ వేద్దాం." మూడోసారి పోతే "ఇది లైట్ షాఫ్ట్, మన గుట్టల్లో ఆగదు, పెద్ద బండిది కోసి వేసుకో." ఈ మూడు మాటల మధ్యలో ఎవరూ బండి కిందికి దూరి షాఫ్ట్ ఎంత కోణంలో వంగి తిరుగుతోందో కొలవరు. అనంతపురంలోనే కాదు, కడపలో, కర్నూలులో కూడా ఎత్తు పెంచిన జిప్సీలు, పాత థార్‌లు, మేజర్ జీపులు ఉన్న ప్రతిచోటా ఇదే తంతు.

నా వాదన చిన్నది. ఎత్తు పెంచిన బండిలో ఒకే చోట క్రాసు మళ్లీ మళ్లీ పోతుంటే, క్రాసును అనుమానించడం ఆఖరున చేయాల్సిన పని. మనం దాన్నే ముందు చేస్తున్నాం. ఎందుకంటే క్రాసు చేతికి దొరికే వస్తువు, కొట్లో అమ్మే వస్తువు, డబ్బిచ్చి మార్చగలిగే వస్తువు. కోణం ఏ కొట్లోనూ దొరకదు.

డూప్లికేటు సామాను లేదని నేననను. ఉంది, బోలెడుంది. కొమ్ము మీది కప్పు, దాన్ని పట్టి ఉంచే రెండు చెవుల యోక్‌లోకి చేత్తో నొక్కితేనే దిగిపోయే క్రాసులు, కప్పు లోపలి సన్నని కడ్డీల్లాంటి నీడిల్స్ మధ్య సందు కంటికి కనబడే క్రాసులు ఏ బజారులోనైనా దొరుకుతాయి. కానీ ఒక ప్రశ్నకు మాత్రం ఈ వాదన దగ్గర జవాబు లేదు. షాఫ్ట్ పై చివర క్రాసూ కింది చివర క్రాసూ ఒకే కొట్లో కొని, ఒకే రోజు, ఒకే చేత్తో వేసినప్పుడు, కిందిది కొత్తదానిలా ఉండి పైదే ఎందుకు పొడి అవుతోంది? డూప్లికేటు అయితే రెండూ డూప్లికేటే కదా.

ఈ ప్రశ్న నాకు మా బామ్మర్ది జిప్సీ వల్ల వచ్చింది. వాడిది తాడిపత్రి. ఒకప్పుడు ప్రభుత్వ శాఖలో తిరిగిన బండిని వేలంలో కొనుక్కున్నాడు. ఇంజన్ బాగుంది, బాడీ బాగుంది. అంతటితో ఆగితే ఈ వ్యాసమే లేదు. వీడియోల్లో చూసిన బండ్లలా ఉండాలని దాన్ని ఎత్తు పెంచే షాపుకు తీసుకెళ్లాడు. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి పని చేసే షాపులు చాలా ఉన్నాయి, అన్నీ దాదాపు ఒకేలా చేస్తాయి.

జిప్సీ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. 1985లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన బండి ఇది. ముందూ వెనుకా గట్టి హౌసింగ్‌లు, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు గొట్టాలు, నాలుగు మూలలా కమాను కట్టలు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ కట్టలు హౌసింగ్ గొట్టం కింద ఉంటాయి. ఇంకో విశేషం ఏమిటంటే, చాలా ఫోర్‌వీల్ బండ్లలో గేర్‌బాక్సుకు అతుక్కునే ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్ (తిప్పుడును ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) దీంట్లో విడిగా, ఛాసిస్‌కు రబ్బరు మౌంటింగ్‌ల మీద వేలాడుతూ ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి దానికి ఒక పొట్టి షాఫ్ట్, దాన్నుంచి ముందుకొకటి, వెనక్కొకటి. మొత్తం మూడు షాఫ్ట్‌లు. అంటే కోణాలు చెడటానికి అవకాశాలు కూడా అన్ని ఎక్కువ.

ఎత్తు పెంచడానికి అందరూ వాడే చవక దారి ఒకటుంది. హౌసింగ్ కింద ఉన్న కట్టలను హౌసింగ్ పైకి మార్చడం. గొట్టం మీద కొత్త సీట్లు వెల్డింగ్ చేసి, కట్టలను పైన కూర్చోబెడితే కొత్త కట్టలు కొనకుండానే బండి దాదాపు 5 అంగుళాలు లేస్తుంది. మా వాడికీ అదే చేశారు. 31 అంగుళాల టైర్లు వేశారు. బండి చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. గుత్తి దాటి హైవే మీద 80 దాటగానే సీటు కింద సన్నని వణుకు మొదలైంది. తరువాత రివర్స్ వేసినప్పుడల్లా "టక్" అన్న చప్పుడు. ఆపైన నెమ్మదిగా పోతున్నప్పుడు కీచుకీచుమని పిచుక అరిచినట్టు చప్పుడు. ఆ తరువాత వెనుక షాఫ్ట్ పై క్రాసు పోయింది.

మార్చారు. పోయింది. మళ్లీ మార్చారు. మళ్లీ అదే క్రాసు.

"బావా, ఇది కూడా డూప్లికేటేనంట" అని వాడు ఫోన్ చేసినప్పుడు, పాత క్రాసులు పారేయొద్దని మాత్రం చెప్పాను. విరిగిన సామానుకు మించిన సాక్షి ఉండదు. మన షెడ్లలో దాన్ని తీసిన వెంటనే పాత ఇనుము డబ్బాలోకి విసిరేస్తారు.

ఇప్పుడు క్రాసు అసలు ఏం చేస్తుందో చూద్దాం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, మిగతా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

రెండు షాఫ్ట్‌లు ఒకే గీతలో లేనప్పుడు తిప్పుడును ఒకదాన్నుంచి ఇంకోదానికి అందించే ఈ జాయింట్‌కు 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరు పెట్టారు. 1676లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ దీని గురించి రాశాడు. అందుకే హుక్స్ జాయింట్ అని కూడా అంటారు. మోటారు బండ్లకు పనికొచ్చేలా దీన్ని మూసి, గ్రీజు నిలిచేలా చేసి 1903లో పేటెంట్ పొందినవాడు అమెరికాలో క్లారెన్స్ స్పైసర్. ఇన్ని వందల ఏళ్లయినా దీనికో పుట్టుకతో వచ్చిన లోపం ఉంది. జాయింట్ కోణంలో ఉన్నప్పుడు ఒక చివర సమానంగా తిప్పితే రెండో చివర సమానంగా తిరగదు. ఒక్క చుట్టు పూర్తయ్యేలోపు రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు వెనకబడుతుంది.

ఎంత? అది కోణాన్ని బట్టి. 10 డిగ్రీల దగ్గర దాదాపు ఒకటిన్నర శాతం పైకి, ఒకటిన్నర శాతం కిందికి. 20 డిగ్రీలకు ఆరు శాతం పైచిలుకు. 30 డిగ్రీలకు 15 శాతం. గమనించండి, కోణం రెట్టింపయితే తేడా రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఎత్తు పెంచేటప్పుడు "ఇంకో రెండంగుళాలేగా" అనే మాట ఇక్కడే కొంప ముంచుతుంది. మొదటి రెండంగుళాలు చేసే నష్టం వేరు, చివరి రెండంగుళాలు చేసే నష్టం వేరు.

మరి అన్ని బండ్లూ రోజూ ఎలా తిరుగుతున్నాయి? షాఫ్ట్‌కు రెండు చివర్లా రెండు క్రాసులు ఉండటం వల్ల. పై క్రాసు పుట్టించిన హెచ్చుతగ్గును కింది క్రాసు సరిగ్గా తిరగేసి రద్దు చేస్తుంది. కానీ దానికి రెండు షరతులు ఉన్నాయి. పై కోణమూ కింది కోణమూ సమానంగా ఉండాలి. షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు ఒకే వరుసలో ఉండాలి. ఈ రెంటిలో ఏది తప్పినా రద్దు జరగదు. హెచ్చుతగ్గు అలాగే హౌసింగ్‌లో షాఫ్ట్ తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్‌లోకి, అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌనులోకి పోతుంది. అక్కడ హౌసింగ్, చక్రాలు, బండి బరువు అంతా "నేను నిమిషానికి ఇన్నిసార్లు వేగం మార్చుకోలేను" అని ఎదురు తంతాయి. ఆ తన్నులన్నీ తినేది క్రాసు.

లెక్క చూస్తే భయం వేస్తుంది. 31 అంగుళాల టైరు బండిని ఒక్క చుట్టుకు దాదాపు 2.4 మీటర్లు తీసుకెళ్తుంది. 80 వేగంలో చక్రం నిమిషానికి 555 చుట్లు. క్రౌను రేషియో 4, అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్ట్ నాలుగు చుట్లు, అనుకుంటే షాఫ్ట్ నిమిషానికి 2200 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు రెండు తన్నులు. అంటే సెకనుకు 70కి పైగా. అనంతపురం నుంచి కర్నూలు దాకా అదే వేగంతో పోతే ఆ క్రాసు ఎన్ని తన్నులు తింటుందో మీరే వేసుకోండి.

ఇంతకీ ఆ జిప్సీలో ఏం తేలింది?

కొలవడానికి సమతలం కావాలి. మన ఇళ్ల ముందు రోడ్లు పనికిరావు. తాడిపత్రి దగ్గర లారీలు తూచే కాటా మీద, ఖాళీగా ఉన్న వేళ చూసి బండి పెట్టాం. కాటా పలక ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది, ఆ ఊళ్లో నాపరాళ్ల లారీల పుణ్యమా అని కాటాలకు కొదవ లేదు. చక్రాలు నేల మీదే ఉండాలి, బండి బరువు కట్టల మీదే ఉండాలి. చాలామంది ఛాసిస్‌కు జాకీ పెట్టి ఎత్తి చూస్తారు. అలా ఎత్తితే హౌసింగ్ కిందికి వేలాడి కోణాలన్నీ అబద్ధం చెబుతాయి. చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టడం మాత్రం మరవొద్దు. షాఫ్ట్ విప్పాక గేరు బండిని ఆపదు.

అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ యాంగిల్ గేజ్ ఉంటే మేలు, ఫోన్లో మట్టం చూపే యాప్ అయినా పర్వాలేదు. కొలిచింది మూడు చోట్ల. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనుక ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పలక) ముఖం, షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లాంజ్ ముఖం. ఫ్లాంజ్ ముఖం నిలువు నుంచి ఎంత వాలిందో, దాని ఇరుసు మట్టం నుంచి అంతే వాలి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ ఇరుసు వెనక్కి 2 డిగ్రీలు వాలి ఉంది. షాఫ్ట్ 14 డిగ్రీలు. పినియన్ ముక్కు పైకి లేచి 13 డిగ్రీలు.

తీసివేతలు చేయండి. పై క్రాసు కోణం 12. కింది క్రాసు కోణం 1.

రోగం దొరికినట్టే. లిఫ్ట్ చేసిన షాపువాళ్లు కొత్త సీట్లు వెల్డింగ్ చేసేటప్పుడు పినియన్ ముక్కును పైకి తిప్పి, షాఫ్ట్ వైపు గురిపెట్టి అతికించారు. కంటికి అది చాలా బాగుంటుంది. షాఫ్ట్, పినియన్ ఒకే గీతలో కనబడతాయి. కింద క్రాసు హాయిగా ఉంటుంది. దాని భారం కూడా పైదాని మీదే పడుతుంది. రద్దు చేయాల్సిన క్రాసు దాదాపు కోణమే లేకుండా ఉంటే అది ఏం రద్దు చేస్తుంది? పై క్రాసు పుట్టించిన హెచ్చుతగ్గు దాదాపు మొత్తం క్రౌనుకు పోతోంది. కింది క్రాసు కొత్తగా ఉండటం, పైది పొడి కావడం, 80 దగ్గర వణుకు, అన్నిటికీ ఒకటే జవాబు.

పినియన్‌ను షాఫ్ట్ వైపు గురిపెట్టడం తప్పని కాదు. పైన రెండు క్రాసులు జంటగా ఉండే డబుల్ జాయింట్ షాఫ్ట్ వేసినప్పుడు అదే సరైన పద్ధతి. వీడియోల్లోని విదేశీ బండ్లలో చాలావాటికి అలాంటి షాఫ్ట్ ఉంటుంది. షాఫ్ట్ మామూలుదే ఉంచి, పినియన్ మాత్రం వాళ్లలా తిప్పితే సగం వైద్యం అవుతుంది. సగం వైద్యం రోగం కన్నా ఖరీదు.

దాచిపెట్టిన పాత క్రాసులు కూడా అదే చెప్పాయి. క్రాసు పోయిందంటే ఎలా పోయిందో చూడాలి. నాలుగు కప్పులూ తీసిన వరుసలోనే గుడ్డ మీద పెట్టి, గ్రీజు తుడిచి, ఎండలోకి తీసుకెళ్లి చూడండి. కొమ్ముల మీద నీడిల్స్ దిగినట్టు సమాన దూరంలో గాడులు పడి ఉంటే అది ఎక్కువ బరువు, ఎక్కువ కోణం. ఎర్రటి తుప్పు పొడి, పొలుసులు లేచిన ఉపరితలం కనబడితే గ్రీజు అందలేదు, లేదా వంకలో నీళ్లు దూరాయి. నీలి రంగు తిరిగితే వేడికి కాలింది. కొమ్ము చివర, అంటే కప్పు అడుగున తగిలే చోట, రాపిడితో గీరుకుపోయి ఉంటే అది కూడా పెద్ద కోణం గుర్తే. కొమ్ము మొదట్లోనే ఒక్క దెబ్బకు విరిగి, మిగతా అంతా శుభ్రంగా ఉంటే ఏదో పెద్ద కుదుపు తగిలింది. గాల్లో తిరుగుతున్న చక్రం ఒక్కసారి రాయిని పట్టుకున్నప్పుడు జరిగేది అదే.

మా వాడి క్రాసుల్లో నాలుగు కొమ్ముల మీదా గాడులు, చివర్లలో రాపిడి. తుప్పు లేదు. గ్రీజు కాలింది కానీ ఎండిపోలేదు. డూప్లికేటు సామాను అయితే ఇంత క్రమశిక్షణగా, ప్రతిసారీ ఒకేలా పోదు.

కోణాలు సరిగ్గా ఉన్నా క్రాసులు పోయే బండ్లు ఉంటాయి. అప్పుడు చూడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది మన షెడ్లలో అతి మామూలుగా జరిగేది. షాఫ్ట్ మధ్యలో స్లిప్ యోక్ ఉంటుంది, స్ప్లైన్స్ అనే నిలువు పళ్ల మీద జారుతుంది. క్రాసు మార్చేటప్పుడు దాన్ని బయటికి లాగి, తిరిగి ఒకటి రెండు పళ్లు అటూ ఇటూగా పెట్టేస్తారు. అంతే, యోక్‌ల వరుస తప్పింది. కోణాలు ఎంత సమానంగా ఉన్నా రద్దు జరగదు. అనంతపురం ఆటోనగర్‌లో లారీ పని చేసే పాత మిస్త్రీలు షాఫ్ట్ ముట్టుకోకముందే రెండు ముక్కల మీదా కలిసేలా ఉలితో గీత కొడతారు. ఎందుకని అడిగితే "అట్ల పెడితేనే కుదురుతాది అప్పా, లేకుంటే ఒణుకుతాది" అంటారు. వాళ్లు హుక్ పేరు విని ఉండరు. ఎత్తు పెంచే షాపుల్లో గోడ నిండా స్టిక్కర్లు ఉంటాయి, ఈ ఉలి గీత మాత్రం ఉండదు.

రెండోది సుత్తి. క్రాసును యోక్ నుంచి బయటికి కొట్టేటప్పుడు యోక్ చెవులు లోపలికో బయటికో వంగుతాయి. తరువాత వేసిన కొత్త క్రాసు మొదటి రోజే బిగుసుకుపోతుంది, చేత్తో నాలుగు వైపులా సమానంగా వాలదు. లేదంటే కప్పు కూర్చునే రంధ్రం అరిగి, కప్పే యోక్‌లో తిరుగుతుంది. అప్పుడు లోకంలో ఎంత మంచి క్రాసు వేసినా లాభం లేదు, యోక్ మార్చాల్సిందే. వైస్‌లో పెట్టి నొక్కి తీయడానికి ఇంకో పావుగంట పడుతుంది, అంతే.

మూడోది జిప్సీకి ప్రత్యేకం. ట్రాన్స్‌ఫర్ కేస్ మౌంటింగ్ రబ్బర్లు. అవి మెత్తబడితే నిలబడి ఉన్నప్పుడు కోణాలన్నీ బంగారంలా ఉంటాయి. లో గేర్‌లో గుట్ట ఎక్కేటప్పుడు ఆ పెట్టె మొత్తం మెలితిరిగి, మూడు షాఫ్ట్‌ల కోణాలూ ఒకేసారి మారిపోతాయి. ఇనుప గడ్డపారతో మెల్లగా ఊపి చూస్తే తెలిసిపోతుంది.

నాలుగోది కట్టల మెలిక. యాక్సిలేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది, పినియన్ ముక్కు పైకి లేస్తుంది. కట్టలు హౌసింగ్ పైకి ఎక్కాక ఈ మెలిక ఇంకా ఎక్కువ. దీన్ని కంటితో చూడాలని కదిలే బండి కిందికి ఎవరూ దూరొద్దు. ఛాసిస్‌కు ఫోన్ కట్టి, షాఫ్ట్ వైపు తిప్పి, రికార్డింగ్ పెట్టి, ఎత్తు మీద లో గేర్‌లో బండి కదిలించండి. ఇంటికొచ్చి నెమ్మదిగా చూడండి. కట్టలు ఎస్ అక్షరంలా వంగి, ముక్కు ఎగిరెగిరి పడుతుంటే క్రాసును ఇక తిట్టరు.

గ్రీజు విషయం ఒక్క మాటలో చెబుతాను. నిప్పిల్‌లోంచి కొట్టిన గ్రీజు నాలుగు కప్పుల సీళ్లలోంచీ బయటికి రావాలి. మూడింట్లోంచి వచ్చి ఒకదాంట్లోంచి రాకపోతే ఆ ఒక్కటే మిమ్మల్ని అడవిలో వదిలేస్తుంది. చిత్రావతి ఇసుకలోనో నంద్యాల వైపు నల్లరేగడి నీళ్లలోనో దింపిన బండికి ఇంటికి రాగానే గ్రీజు కొట్టాలి, నెల తిరిగాక కాదు.

ఇక "పెద్ద షాఫ్ట్ వేసుకో" అనే సలహా దగ్గరికి వస్తాను. ఇది నాకు బొత్తిగా నచ్చని సలహా. క్రాసు ఆ వరుసలో ఫ్యూజు లాంటిది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టేవాణ్ని ఏమంటాం? పెద్ద క్రాసు వేస్తే హెచ్చుతగ్గు తగ్గదు. కోణం అదే, తన్నులు అవే. అవి ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగ్‌కు, పినియన్ బేరింగ్‌కు, క్రౌను పళ్లకు పోతాయి. క్రాసు రోడ్డు పక్కన మార్చుకోవచ్చు. క్రౌను పళ్లు రాలితే బండిని లాగించుకుని రావాలి. పైగా బరువైన షాఫ్ట్ బ్యాలెన్స్ చేయకుండా వేస్తే ఇంకో కొత్త వణుకు. మన దగ్గర లేత్‌లో కోసి వెల్డింగ్ చేసిన షాఫ్ట్‌లలో బ్యాలెన్స్ చేయించినవి ఎన్ని?

జిప్సీకి ఏం చేయాలనే దాని మీద బామ్మర్దికీ నాకూ పెద్ద వాదనే జరిగింది. వాడు మొదట అడిగింది, "సీట్లు కోసి, పినియన్‌ను ట్రాన్స్‌ఫర్‌కు సమాంతరంగా తిప్పితే సరిపోదా బావా?" అని. నిజమే, కోణాలు సమానమవుతాయి. పైనా 12, కిందా 12. హెచ్చుతగ్గు క్రౌనుకు పోదు. కానీ ఆ రెండు కోణాలూ ఆ వేగానికి మోయలేనివి. స్పైసర్ కంపెనీ పట్టికల ప్రకారం షాఫ్ట్ నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో క్రాసు మోయదగిన గరిష్ఠ కోణం 8 డిగ్రీల 40 నిమిషాలు. 2500 దగ్గర 7 డిగ్రీలే. 3000 దగ్గర 6 కూడా లేదు. 12 డిగ్రీలతో తిరగాలంటే 1500 చుట్లు కూడా దాటకూడదు. అంటే మన టైర్లతో 50, 55 వేగం. గుట్టల్లో మాత్రమే తిరిగే బండికైతే అది చాలు. హైవే ఎక్కి హిందూపురం పోయి రావాలంటే చాలదు.

డబుల్ జాయింట్ షాఫ్ట్ రెండో దారి. మంచి దారే, ఇప్పటికే పైకి తిప్పి ఉన్న పినియన్‌కు సరిగ్గా సరిపోతుంది కూడా. కానీ దాన్ని తెప్పించుకోవాలి, లేదా తెలిసినవాళ్ల చేత చేయించుకోవాలి. అందులో ఒక ముక్క పోతే తాడిపత్రిలో కాదు కదా, అనంతపురంలో కూడా అదే రోజు దొరకదు.

మూడో దారి కిందికి దిగడం. ఇక్కడే నేను పట్టుబట్టాను. వాడికి ఎత్తు ఎందుకు కావాలి? "రాళ్లు తగలకుండా" అన్నాడు. గట్టి హౌసింగ్ ఉన్న బండిలో నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది క్రౌను గుండు, అంటే హౌసింగ్ మధ్యలో క్రౌను ఉండే ఉబ్బు. కట్టలు పైకెక్కించినా, కట్ట చివర ఉండే షాకిల్ పొడిగించినా, ఛాసిస్ ఆకాశానికి లేపినా ఆ గుండు ఒక్క మిల్లీమీటర్ కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ టైరు పెరిగిన దాంట్లో సగమే. కట్టలు పైకి పోతే వాటి యూ బోల్టులు రాళ్లకు తగలవు, అది ఒప్పుకుంటాను. బండి పొట్ట కూడా లేస్తుంది. కానీ పెన్నా ఇసుకలో బండి దిగబడితే దాన్ని బయటికి తెచ్చేది 5 అంగుళాల ఎత్తు కాదు, టైర్లలో గాలి తగ్గించడం. పెనుకొండ, కదిరి చుట్టుపక్కల గుట్టల్లో ఈ జిప్సీ వెళ్లే దారులన్నీ రెండంగుళాల ఎత్తుతో, మంచి టైర్లతో పోగలిగినవే. ఆపైన ఎత్తంతా ఫోటోల కోసం. దానికి తోడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి అసలు రూపం మార్చడాన్ని ఒప్పుకోదు. ఆర్టీవో చెకింగ్‌లో ఆగినప్పుడు ఈ ఎత్తు గురించి ఏం చెబుతావని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు.

ఒక అదృష్టం ఏమిటంటే, షాపువాళ్లు హౌసింగ్ కింద ఉన్న కంపెనీ సీట్లు కోయలేదు. వాటి కోణం కంపెనీ పెట్టినదే, పినియన్ ట్రాన్స్‌ఫర్‌కు సమాంతరంగా ఉండే కోణం. కట్టలు తిరిగి కిందికి తెచ్చాం. కమాను కొంచెం ఎక్కువ వంపు ఉన్న కట్టలతో రెండంగుళాలు మాత్రం ఉంచాం. 31 తీసి 235/75 ఆర్ 15 టైర్లు వేశాడు, దాదాపు 29 అంగుళాలవి. అదే కాటా మీద మళ్లీ కొలిస్తే రెండు క్రాసులూ ఆరున్నర దగ్గర, మధ్య తేడా ఒక డిగ్రీలోపే. మౌంటింగ్ రబ్బర్లు కొత్తవి. క్రాసులు? అదే కొట్లోవి, అదే బ్రాండు. కావాలనే అవే వేయించాను. డూప్లికేటు అన్నవాళ్లకు జవాబు కావాలి కదా. వణుకు పోయింది. రెండు వానాకాలాలు దాటాయి, ఆ క్రాసులే తిరుగుతున్నాయి.

షెడ్డువాళ్ల మీద నాకు కోపం లేదు. కొలవడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరకు మనం డబ్బులిస్తామా? "చూసినందుకు కూడా డబ్బులా?" అని నవ్వుతాం. సామాను ధర మీద మాత్రం బేరమాడి ఇస్తాం. సామాను అమ్మితేనే కూలీ గిట్టుబాటయ్యే చోట, సామాను మార్చడమే వైద్యం అవుతుంది. ఈసారి ఎవరైనా మీ బండికి గేజ్ పెట్టి మూడు అంకెలు కాగితం మీద రాసిస్తే, ఏ సామానూ మార్చకపోయినా వాళ్లకు పూర్తి కూలీ ఇవ్వండి. షాపును ఎంచుకునేటప్పుడు కూడా ఎన్ని అంగుళాలు లేపుతారని కాదు, లేపాక కోణాలు కొలిచి ఇస్తారా అని అడగండి. ఆ ప్రశ్నకు మొహం చిట్లించే షాపు నుంచి బండి తాళాలు వెనక్కి తీసుకోండి.

2020 తరువాతి థార్ ఉన్నవాళ్లకు ముందు వైపు లెక్క కొంచెం వేరు. అక్కడ గట్టి హౌసింగ్ లేదు, చక్రాలకు విడివిడి షాఫ్ట్‌లు, కోణంలో ఉన్నా వేగం సమానంగా అందించే సీవీ జాయింట్లు. వాటికి ఈ హెచ్చుతగ్గు రోగం లేదు. వాటి రోగం జాయింట్‌ను కప్పే రబ్బరు తొడుగు, అదే బూటు. ఎత్తు పెంచితే బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటికి, మన ఎర్రమట్టి లోపలికి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మిన మరకలు కనబడితే, మలుపుల్లో టకటక చప్పుడు రాకముందే బూటు మార్చించండి.

ఒక జాగ్రత్త. పై లెక్కంతా రెండు చివర్లా ఒక్కో క్రాసు ఉన్న షాఫ్ట్‌కే. డబుల్ జాయింట్ షాఫ్ట్ ఉన్నవాళ్లు పినియన్‌ను సమాంతరంగా పెట్టకండి. షాఫ్ట్ వైపే గురిపెట్టి, బరువు పడినప్పుడు ముక్కు లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందికి వదలండి. పైనుంచి చూసినప్పుడు షాఫ్ట్ పక్కకు కూడా వాలి ఉంటే ఆ వాలునూ కలపాలి. రెండు కోణాల వర్గాలు కూడి వర్గమూలం తీయండి. నిలువుగా 12, పక్కకు 3 అయితే అసలు కోణం 12.4. పక్క వాలు చిన్నదైతే పెద్ద తేడా రాదు. పెద్దదైతే మాత్రం వదిలేయడానికి లేదు.